మీకు తెలుసా? బకెట్లో రామ్ములక్కాయ

మా అమ్మమ్మ చివరిదాకా టమాటా అనలేదు, రామ్ములక్కాయ అనే అంది. ములక అంటే వంకాయకి చుట్టమైన ముళ్ళమొక్క. నేలములక పొలం గట్ల మీద ఇప్పటికీ కనిపిస్తుంది. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల దగ్గర పుట్టి, మెక్సికోలో మచ్చికై, పోర్చుగీసు ఓడల్లో మన రేవులకు దిగిన కాయకి పేరు పెట్టేటప్పుడు మనవాళ్ళు చుట్టరికం సరిగ్గానే పట్టుకున్నారు. వంకాయ, మిరప, బంగాళాదుంప, టమాటా అన్నీ ఒక ఇంటివే.

ఆ రామ్ములక్కాయ ఇప్పుడు మా మిద్దె మీద మట్టి లేకుండా, ఇరవై లీటర్ల పెయింట్ బకెట్లో పెరుగుతోంది. ఇది మూడో ప్రయత్నం. 2023 జులైలో కిలో టమాటా 200 రూపాయల దాకా ఎగబాకినప్పుడు ‘మనమే పండించుకుందాం’ అని లేచినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. బకెట్లు, గాలి పంపు, మీటర్లు, ఉప్పులు అన్నీ కొన్నాక మొదటి ఏడాది కిలో ఎంత పడిందో ఇంట్లో ఇంతవరకు చెప్పలేదు. డబ్బు మిగలదు, ఆ ఆశ ఉంటే ఇక్కడే వదిలేయండి. మిగిలేదల్లా ఇలాంటి ముచ్చట్లు.

ఈ సేద్యానికి పేరు తెచ్చిన టమాటా కోయడానికి నిచ్చెన కావాల్సొచ్చింది

నీళ్ళలో మొక్కలు పెంచడం కొత్త సంగతేమీ కాదు. 1860 ప్రాంతంలోనే జర్మనీలో జూలియస్ ఫాన్ సాక్స్, విల్‌హెల్మ్ నోప్ అనే శాస్త్రవేత్తలు సీసాల్లో ఉప్పునీళ్ళు పోసి మొక్కలు పెంచారు. కాకపోతే వాళ్ళది ప్రయోగశాల పని, కూర కోసం కాదు. ఆ సీసాను తొట్టిగా మార్చినవాడు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీలో పనిచేసిన విలియం ఫ్రెడరిక్ గెరికీ. 1929 నుంచి ఆయన ఈ పని మీద ఉన్నాడు. పోషకాలు కలిపిన నీళ్ళలో ఆయన పెంచిన టమాటా తీగలు 25 అడుగులు పోయాయి. నిచ్చెనెక్కి కాయలు కోస్తున్న ఫొటోలు పత్రికల్లో వచ్చేసరికి జనం ఎగబడ్డారు.

1937లో దీనికి హైడ్రోపోనిక్స్ అన్న పేరు వచ్చింది. గెరికీకి ఆ పేరు సూచించింది అదే విశ్వవిద్యాలయంలోని వృక్షశాస్త్రవేత్త సెట్చెల్. గ్రీకులో ‘హైడ్రో’ అంటే నీరు, ‘పోనోస్’ అంటే శ్రమ. మన మాటల్లో చెప్పుకుంటే నీళ్ళ చాకిరీ. ఆ చాకిరీ నీళ్ళు చేస్తాయో మనం చేస్తామో పేరు పెట్టినవాళ్ళు చెప్పలేదు. మూడేళ్ళుగా చేస్తున్నవాణ్ణి కాబట్టి నేను చెప్పగలను.

అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. గెరికీ మాటల్లో నిజమెంతో తేల్చమని విశ్వవిద్యాలయం డెనిస్ హోగ్లండ్, డేనియల్ ఆర్నన్ అనే ఇద్దరికి అప్పగించింది. 1938లో వాళ్ళు వేసిన చిన్న పుస్తకం, మంచి మట్టిలో వచ్చే దిగుబడి కంటే నీళ్ళలో వచ్చేది గొప్పేమీ కాదని తేల్చేసింది. అదే పుస్తకంలో నీళ్ళలో ఏ ఉప్పు ఎంత కలపాలో లెక్క కూడా ఇచ్చారు. ఇప్పుడు ప్రపంచమంతా ‘హోగ్లండ్ ద్రావణం’ అని వాడుతున్నది దాన్నే. ఉత్సాహపడ్డవాడి పేరు మరుగున పడింది. అనుమానించినవాడి వంటకం మిగిలింది.

మొక్కకు మాలిబ్డినం కావాలని సాక్ష్యం చెప్పింది టమాటాయే

మట్టిలో పెంచితే మొక్క ఏం తింటుందో కచ్చితంగా చెప్పలేం, మట్టిలో అన్నీ ఉంటాయి. నీళ్ళలో అయితే మనం వేసిందే ఉంటుంది, వేయనిది ఉండదు. ఈ కిటుకు పట్టుకుని ఆర్నన్, తన సహచరుడు స్టౌట్‌తో కలిసి 1939లో టమాటా మొక్కల మీదే ఒక సంగతి రుజువు చేశాడు. ఉప్పులను బాగా శుద్ధి చేసి వాడితే మొక్క జబ్బుపడింది. పది కోట్ల పాళ్ళ నీటికి ఒక్క పాలు మాలిబ్డినం చేర్చగానే తేరుకుంది. 1954లో అదే విశ్వవిద్యాలయంలో క్లోరిన్ వంతు వచ్చింది. అప్పుడూ సాక్షి టమాటా మొక్కే.

మొక్కకు తప్పనిసరి అని తేలిన మూలకాలు ఇప్పటికి పదిహేడు. అందులో కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్ గాలి, నీళ్ళ నుంచి వస్తాయి. మిగతా పద్నాలుగూ వేర్ల దగ్గరికి మీరు మోసుకురావాలి. భయపడకండి, సూక్ష్మపోషకాలన్నీ ఒకే పొట్లంలో దొరుకుతాయి. చిటికెడు చాలు. ఆ చిటికెడు మర్చిపోతే మాత్రం టమాటా పదిహేను రోజుల్లో ఆకుల మీద రాసి చూపిస్తుంది. లేత ఆకులు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయంటే ఇనుము అందడం లేదని అర్థం.

రెండు సీసాలుగా అమ్మేది డబ్బు గుంజడానికి కాదు

హైడ్రోపోనిక్ పోషకాలు ‘ఏ’, ‘బీ’ అని రెండు భాగాలుగా వస్తాయి. మొదటిసారి నేను ఇదేదో వ్యాపారుల మాయ అనుకుని రెండింటినీ ఒకే మగ్గులో కలిపి, గరిటెతో తిప్పి, ఆ తర్వాత నీళ్ళలో పోద్దామనుకున్నాను. మగ్గులో నీళ్ళు మజ్జిగలా తెల్లబడ్డాయి. పది నిమిషాల్లో అడుగున తెల్లటి మడ్డి పేరుకుంది.

ఆ మడ్డిలో ఎక్కువ భాగం జిప్సం, అంటే బడిలో సుద్దముక్కలకు వాడే పదార్థమే. ఒక సీసాలో కాల్షియం నైట్రేట్ ఉంటుంది, రెండో దాంట్లో సల్ఫేట్లు, ఫాస్ఫేట్లు ఉంటాయి. చిక్కగా ఉన్నప్పుడు అవి కలిస్తే కాల్షియం గట్టిపడి కిందికి దిగిపోతుంది, వేరుకు అందదు. బకెట్ నిండా నీళ్ళు పోసి, ముందు ఒకటి కలిపి, బాగా తిప్పి, తర్వాత రెండోది కలిపితే పలచగా ఉంటాయి కాబట్టి గొడవ పడవు. నేను ఆ మజ్జిగనే మొక్కకి పోశాను. దాని ఫలితం నెలన్నర తర్వాత కాయల మీద కనిపించింది. ఆ సంగతి ముందుకెళ్ళాక.

‘పందొమ్మిదులు’ బకెట్లో పనికిరావు

మన ఊళ్ళలో ఏ ఎరువుల కొట్టుకెళ్ళినా నీళ్ళలో కరిగే ఎరువులు నంబర్లతో దొరుకుతాయి: 19-19-19, 13-0-45, 0-52-34. డ్రిప్ రైతులకు ఇవి మంచి నేస్తాలు. ‘నీళ్ళలో టమాటా పెంచుతున్నా’ అని చెప్పగానే కొట్టతను ఆలోచించకుండా, ‘పందొమ్మిది పందొమ్మిది పందొమ్మిది వేసెయ్యండి సార్, దేనికైనా అదే’ అన్నాడు. పొలానికి అయితే ఆయన మాట తప్పు కాదు.

ఇబ్బంది ఎక్కడంటే ఆ పందొమ్మిది పాళ్ళ నత్రజనిలో సగం దాకా యూరియా రూపంలో ఉంటుంది. మట్టిలో ఉండే సూక్ష్మజీవులు యూరియాను అమ్మోనియాగా, ఆపైన నైట్రేటుగా మార్చి పెడతాయి. శుభ్రంగా కడిగిన బకెట్లో ఆ సైన్యం లేదు. పైగా ఆ పొట్లంలో కాల్షియం లేదు. 13-0-45, 0-52-34 మాత్రం బకెట్‌కీ పనికొస్తాయి. ఒకటి పొటాషియం నైట్రేట్, ఇంకోటి మోనో పొటాషియం ఫాస్ఫేట్. వీటికి కాల్షియం నైట్రేట్, మెగ్నీషియం సల్ఫేట్, సూక్ష్మపోషకాల పొట్లం జతచేసి సొంతంగా కలుపుకునేవాళ్ళు ఉన్నారు. మొదటి పంటకే ఆ లెక్కల్లోకి దిగొద్దు. తయారుగా దొరికే ఏ, బీ సీసాలతో ఒక పంట తీసి, అప్పుడు తూకం కాటా కొనండి.

మట్టి కలిపిన నీళ్ళలో పుదీనా బాగా పెరిగింది, 1699లో

లండన్‌లో జాన్ వుడ్‌వార్డ్ అనే ఆయన పుదీనా కొమ్మల్ని రకరకాల నీళ్ళలో పెట్టి తూచాడు. వాన నీళ్ళు, థేమ్స్ నది నీళ్ళు, హైడ్ పార్క్ కాలువ నీళ్ళు, ఆ కాలువ నీళ్ళలోనే తోటమట్టి కలిపినవి. నీళ్ళు ఎంత మురికైతే పుదీనా అంత బరువు పెరిగింది. మొక్క నీళ్ళనే తిని పెరుగుతుందని అప్పటిదాకా చాలామంది నమ్మకం. నీళ్ళలో కరిగి ఉన్నదేదో దానికి తిండి అని ఈ పుదీనా చెప్పింది.

ఇప్పుడు మన బోరు నీళ్ళ దగ్గరికొద్దాం. హైదరాబాదులో చాలాచోట్ల బోరు నీళ్ళలో, కరిగి ఉన్నది ఎంతో చెప్పే టీడీఎస్ పెన్ను ముంచితే అయిదారు వందలు చూపిస్తుంది. కొన్ని కాలనీల్లో వెయ్యి కూడా దాటుతుంది. కరిగి ఉన్నదంతా తిండే అయితే ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ అందులో ఎక్కువ భాగం కాఠిన్యం తెచ్చే బైకార్బొనేట్లు, వంటింటి ఉప్పులోని సోడియం. అంటే విస్తరి నిండా ముందే ఉప్పూ సున్నమూ వడ్డించేశారు, అన్నం పెట్టడానికి చోటు లేదు. పూతలో ఉన్న టమాటాకి ఈసీ, అంటే కరిగిన ఉప్పుల కొలత, రెండు, రెండున్నర మధ్య ఉంటే బాగుంటుంది. సాధారణ టీడీఎస్ పెన్నులో అది వెయ్యి నుంచి పన్నెండు వందల యాభై. నారుకైతే అందులో సగం చాలు. నీళ్ళే ముందుగా ఎనిమిది వందలు చూపిస్తే పోషకాలకు మిగిలేది ఎంత?

వాన నీళ్ళు పట్టుకుంటే అంత మంచిది లేదు. ఏసీ పైపు నుంచి కారే నీళ్ళు కూడా ఉప్పు లేనివే, వడకట్టి వాడొచ్చు. ఆర్వో యంత్రం బయటికి వదిలే నీళ్ళు మాత్రం వద్దు. వృథా చేయకూడదని చాలామంది కుండీలకు పోస్తారు. బకెట్ టమాటాకి అది ఉప్పు మీద ఉప్పు.

పీహెచ్ అయిదున్నర, ఆరున్నర మధ్య ఉండాలి. బోరు నీళ్ళు ఏడున్నర, ఎనిమిది ఉంటాయి. నిమ్మకాయ పిండితే దిగుతుంది, కానీ ఒకటి రెండు రోజుల్లో మళ్ళీ ఎక్కుతుంది. సూక్ష్మజీవులు ఆ సిట్రిక్ ఆమ్లాన్ని తినేస్తాయి. అందుకే ఫాస్ఫారిక్ ఆమ్లం సీసా అమ్ముతారు. చుక్కలతోనే పని, చేతికి తొడుగు వేసుకోండి.

నీళ్ళలో ఉన్న వేరు ఊపిరాడక చస్తుంది

మొదటి పంట పోయింది ఇందుకే. ఫిబ్రవరిలో నాటాను. నల్ల బకెట్, మిద్దె మీద పూర్తి ఎండ. మార్చి ఆఖరికి మొక్క నడుము ఎత్తు వచ్చి పూత మొదలుపెట్టింది. ఏప్రిల్ రెండో వారంలో ఒకరోజు మధ్యాహ్నం వాడిపోయింది. నీళ్ళలో నిలబడ్డ మొక్క దాహంతో వాడిపోవడం ఏమిటో అర్థం కాలేదు. మూత ఎత్తితే వాసన. తెల్లగా ఉండాల్సిన వేర్లు గోధుమ రంగుకి తిరిగి జారుడుగా ఉన్నాయి. పట్టుకుని లాగితే పైతొక్క ఊడి చేతిలోకి వచ్చింది, లోపల సన్నటి దారం మిగిలింది.

20 డిగ్రీల నీళ్ళలో లీటరుకు తొమ్మిది మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరుగుతుంది. 30 డిగ్రీలకు ఏడున్నరకు దిగుతుంది. 35 దాటితే ఏడు కూడా ఉండదు. వేడెక్కినకొద్దీ వేరు ఎక్కువ ఊపిరి తీసుకుంటుంది, నీళ్ళలో మాత్రం గాలి తగ్గిపోతుంది. ఆ రెండిటి మధ్య వేరుకుళ్ళు తెచ్చే పిథియం అదను చూసి దిగుతుంది. మట్టిలో అయితే కణాల మధ్య సందులున్నాయి, వాటిలో గాలి ఉంది, లోతుకెళితే చల్లదనం ఉంది. ఇవేవీ మనం పెట్టినవి కావు కాబట్టి అవి ఉన్నాయన్న స్పృహే ఉండదు.

ఇప్పుడు బకెట్‌కి పైన తెల్ల రంగు వేశాను. లోపల వెలుగు పడకూడదు, పడితే పచ్చటి పాచి పట్టి పోషకాలు అది తినేస్తుంది. చేపల తొట్టికి పెట్టే చిన్న గాలి పంపు రాత్రింబవళ్ళు బుడగలు వదులుతూ ఉంటుంది. కరెంటు పోయిన రాత్రుళ్ళు లేచి గరిటెతో నీళ్ళు చిలికిన సందర్భాలున్నాయి. ఇంట్లోవాళ్ళు చూసి నవ్వారు.

పంపు లేకుండా కూడా పెంచొచ్చు, కానీ మళ్ళీ నిండా పోయకూడదు

హవాయి విశ్వవిద్యాలయంలో బెర్నార్డ్ క్రాట్కీ అనే ఆయన కరెంటూ పంపూ అక్కర్లేని పద్ధతి ఒకటి చెప్పాడు. డబ్బా నిండా పోషకాల నీళ్ళు పోసి మొక్క పెట్టి వదిలేయడమే. మొక్క తాగేకొద్దీ మట్టం దిగుతుంది, పైన తేమగాలి ఖాళీ ఏర్పడుతుంది, అక్కడ తేలిన వేర్లు గాలి పీల్చడం నేర్చుకుంటాయి. కింది వేర్లు నీళ్ళు తాగుతాయి, పై వేర్లు ఊపిరి తీస్తాయి. పాలకూర లాంటి ఆకుకూరలకు ఇది బ్రహ్మాండం.

టమాటా దగ్గర చిక్కుంది. కాపు మీదున్న మొక్క రోజుకు రెండు మూడు లీటర్లు లాగేస్తుంది, ఇరవై లీటర్లు వారం పది రోజులకు మించి రావు. రెండో ఏడాది నేను ఇదే పద్ధతి పట్టాను. సంక్రాంతికి ఊరెళుతూ, తిరిగొచ్చేసరికి ఎండిపోతుందేమోనని బకెట్ అంచుల దాకా నింపేశాను. గాలికి అలవాటు పడ్డ వేర్లన్నీ ఒక్కసారి మునిగిపోయాయి. పండగ చేసుకుని వచ్చేసరికి మొక్క తలవాల్చి ఉంది. ప్రేమగా పోసిన నీళ్ళే చంపాయి. మట్టం సగం కిందికి దిగాక మళ్ళీ నింపాలంటే ఆ సగం గీత దాటకూడదు.

టమాటా పువ్వుకి తేనెటీగ పనికిరాదు, తుమ్మెద కావాలి

ఒక టమాటా పువ్వు తుంచి దగ్గరగా చూడండి. మధ్యలో పసుపు రంగు గొట్టం ఉంటుంది. పుప్పొడి దాని లోపల ఉంటుంది, బయట కాదు. ఉప్పు డబ్బాలా ఊపితేనే రాలుతుంది. ఆడ భాగం కూడా అదే గొట్టంలో ఉంది కాబట్టి పక్క పువ్వుతో పని లేదు, ఎవరైనా ఊపితే చాలు. పొలంలో గాలి ఊపుతుంది. అంతకంటే బాగా ఊపేవి కొన్ని రకాల ఈగలు. పువ్వును కాళ్ళతో, నోటితో గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండా ఒంట్లోని రెక్కల కండరాలను మాత్రం ఝుమ్మనిపిస్తాయి. ఆ అదురుకి పుప్పొడి జలజల రాలుతుంది. మనం పెంచే తేనెటీగకి ఈ విద్య రాదు. ఎండుకొమ్మకు తొలిచిన బెజ్జంలో కాపురముండే మన నల్ల తుమ్మెదకి వచ్చు. మన కవులు వందల ఏళ్ళుగా తుమ్మెద ఝంకారాన్ని ప్రేమ కింద రాసుకుంటూ వచ్చారు. అది పనిచేసే చప్పుడు కూడా.

మొక్కలు పెంచే గాజు ఇళ్ళలో గాలీ ఉండదు, తుమ్మెదా ఉండదు. యూరప్ రైతులు చాలాకాలం కూలీలను పెట్టి, అదిరే కర్రలతో ఒక్కో పూగుత్తిని తాకించుకుంటూ తిరిగేవాళ్ళు. 1980ల మధ్యలో బెల్జియంలో రోలాండ్ డి యోంగె అనే పశువైద్యుడు గాజు ఇంట్లోకి, ఇలాగే ఝుమ్మనిపించే బంబుల్ బీ అనే ఈగలను వదిలి చూశాడు. అంతే, 1987కల్లా పెట్టెల్లో తుట్టెలు అమ్మే వ్యాపారమే పుట్టింది. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో ఆ ఈగల్ని రానివ్వరు, అక్కడ ఇప్పటికీ మనుషులో యంత్రాలో ఊపాల్సిందే.

అపార్ట్‌మెంట్ అయిదో అంతస్తు బాల్కనీకి తుమ్మెద వస్తుందని నమ్మకం లేదు కదా. బ్యాటరీ టూత్‌బ్రష్ వెనక వైపు పూగుత్తి కాడకి ఒక్క క్షణం తాకించండి, పువ్వుకి కాదు. పొద్దెక్కి మంచు ఆరిన తర్వాత, పది నుంచి రెండు గంటల మధ్య మంచి వేళ. రెండు మూడు రోజులకోసారి చాలు. పాత బ్రష్ వాడండి. ఇంట్లో ఎవరిదో అడక్కుండా తీసుకుంటే జరిగే గొడవకి నాది పూచీ కాదు.

పూత రాలేది జబ్బుతో కాదు, రాత్రి ఉక్కతో

టమాటా పిందె పట్టడానికి పగటి ఎండ కంటే రాత్రి చల్లదనం ముఖ్యం. రాత్రి 15 నుంచి 20 డిగ్రీల మధ్య ఉంటే హాయి. పగలు 35 దాటి, రాత్రి కూడా పాతిక కిందికి దిగకపోతే పుప్పొడికి జీవం ఉండదు. బ్రష్షుతో ఎంత అదిరించినా పువ్వు కాడ దగ్గర పసుపై రాలిపోతుంది. విజయవాడలో మే నెల రాత్రి గురించి వేరే చెప్పాలా?

మదనపల్లె టమాటా గుట్టు ఇందులోనే ఉంది. ఆ ఊరు సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున ఉంది. మిగతా రాష్ట్రం ఉడికిపోతున్నప్పుడు అక్కడ రాత్రుళ్ళు చల్లబడతాయి, ఎండాకాలంలోనూ కాపు నిలుస్తుంది. ఆసియాలోనే పెద్ద టమాటా మార్కెట్లలో అది ఒకటి కావడం ఊరికే జరగలేదు. మనకి ఆ ఎత్తు లేదు. ఆగస్టు చివర్లో విత్తనం, సెప్టెంబరు ఆఖర్లో బకెట్లోకి నారు, డిసెంబరు నుంచి కాయ, మార్చితో సరి. ఫిబ్రవరిలో నాటి నేనేం సాధించానో పైన చదివారు.

కాయ అడుగు నల్లబడితే గుడ్డు పెంకులు పనిచేయవు

మజ్జిగలా మారిన మగ్గు గుర్తుందా? ఆ మొక్క కాసిన మొదటి నాలుగు కాయలకీ అడుగున రూపాయి బిళ్ళంత నల్లటి మచ్చ, తోలు లాగా. పురుగు కాదు, తెగులూ కాదు. కాయ చివరకు కాల్షియం అందలేదు. పక్కింటి పెద్దమ్మగారు చూసి, ‘గుడ్డు పెంకులు నూరి వెయ్యి బాబూ’ అన్నారు. పెంకులో ఉన్నది కాల్షియమే. కానీ అది నీళ్ళలో కరగడానికి నెలలు పడుతుంది, ఈలోపు పీహెచ్‌ని పైకి లాగుతుంది.

నా తప్పు సరే, ఏ, బీ సరిగ్గా కలిపినవాళ్ళకీ ఈ మచ్చ వస్తుంది. కాల్షియం మొక్కలో నీళ్ళతోపాటే ప్రయాణిస్తుంది. ఎక్కడ ఎక్కువ ఆవిరవుతుందో అక్కడికి ఎక్కువ నీళ్ళు వెళతాయి, అంటే ఆకులకి. నున్నటి తోలున్న కాయ నుంచి ఆవిరి పెద్దగా పోదు, దాని వాటాకి మిగిలేది తక్కువ. వడగాలి రోజుల్లోనూ, బకెట్ ఒకరోజు ఎండి మర్నాడు నిండినప్పుడూ ఆ కాస్తా అందదు. ఇంకొంచెం కాల్షియం పోయడం కంటే నీటి మట్టం నిలకడగా ఉంచడం, మధ్యాహ్నం కాస్త నీడ ఇవ్వడం పనిచేస్తాయి. చిన్న చెర్రీ రకాలకు ఈ మచ్చ దాదాపు రాదు. అందుకే మొదటిసారి పెంచేవాళ్ళకి నేను వాటినే చెబుతాను.

విత్తనాల పొట్లం మీద చూడాల్సిన మాట ఒకటుంది

టమాటాల్లో పొద రకాలు, తీగ రకాలు అని రెండు. పొద రకం కొంత ఎత్తు పెరిగి తనంతట తనే ఆగి, కాయలన్నీ ఇంచుమించు ఒకేసారి ఇస్తుంది. ఆగమని చెప్పే ఈ గుణం 1914లో అమెరికాలోని ఫ్లోరిడాలో ఒక మొక్కలో అనుకోకుండా బయటపడింది. తీగ రకం చలి కొరికేదాకానో మీరు విసిగిపోయేదాకానో పెరుగుతూనే ఉంటుంది. మనకు బాగా తెలిసిన పీకేఎమ్-1 పొద రకం. గాజు ఇళ్ళలో పెంచేవి దాదాపు అన్నీ తీగ రకాలే. పురికొసకు పాకించి, అందనంత ఎత్తుకి పోగానే కొస వదులు చేసి తీగను కిందికి దించి పక్కకు జరుపుతారు. ఏడాది చివరికి ఒక్కో తీగ పది మీటర్లు దాటుతుంది.

తీగ రకమైతే ఆకు చంకలో వచ్చే పక్క పిలకల్ని గిల్లేస్తూ ఉండాలి. గిల్లినవి పారేయకండి. జానెడు పిలకను గ్లాసుడు నీళ్ళలో పెడితే వారం పది రోజుల్లో తెల్లటి వేర్లు పుడతాయి. టమాటా కాండం మీద చిన్న చిన్న బుడిపెలు కనిపిస్తాయే, అవి వేరయ్యే అవకాశం కోసం కాచుకుని ఉన్నవే. విత్తనానికి నెల పట్టే పని పిలకకి పది రోజులు. గిల్లిన వేళ్ళకి పసుపుపచ్చటి మరక, ఘాటు వాసన పడతాయి. సబ్బుతో కడిగితే నురగ కూడా పచ్చగా వస్తుంది.

ఒక్క చెట్టు, ముప్పై రెండు వేల కాయలు

1985లో జపాన్‌లో సుకుబా ప్రపంచ ప్రదర్శనలో నొజావా షిగెయో అనే ఆయన పెంచిన ఒకే ఒక్క టమాటా మొక్క పదివేలకు పైగా కాయలు కాసి జనాన్ని నోరు తెరిపించింది. అదీ నీళ్ళలో పెరిగిందే. ఆ తర్వాత అమెరికాలో ఫ్లోరిడాలోని డిస్నీ ఎప్కాట్‌లో ఇంకో చెట్టు 32,194 కాయలతో గిన్నిస్‌కెక్కింది. మొత్తం బరువు 522 కిలోలు. పందిరి వేసి దానిమీద పాకించారు, గుత్తులన్నీ దీపాల్లా కిందికి వేలాడేవి. భాగించి చూస్తే ఒక్కో కాయ 16 గ్రాములు. మా చెర్రీ టమాటా అంతే తూగుతుంది. మొన్న లెక్కపెడితే యాభై మూడు వచ్చాయి.

మన దేశంలో ఇది కాలింపాంగ్‌లో మొదలైంది

1946లో డార్జిలింగ్ కొండల్లోని కాలింపాంగ్‌లో షోల్టో డగ్లస్ ఈ సేద్యాన్ని మన దేశానికి తగ్గట్టు మార్చే ప్రయోగాలు చేశాడు. ఆయన పుస్తకం ‘హైడ్రోపోనిక్స్: ది బెంగాల్ సిస్టమ్’ 1951లో వచ్చింది. ఖరీదైన పంపులూ తొట్లూ లేకుండా, గులకరాళ్ళూ ఇసుకా నింపిన మడుల్లో ఎండు పోషకాలు చల్లి నీళ్ళు పోయడం ఆయన పద్ధతి. ఇప్పుడు ఆ గులకరాళ్ళ చోటు కొబ్బరి పొట్టు తీసుకుంది. కోనసీమలో పీచు తీసిన తర్వాత మిగిలిపోయే ఆ పొట్టుకి ఇప్పుడు ఇటుకల రూపంలో ధర పలుకుతోంది. కొత్త పొట్టులో ఉప్పు ఉంటుంది. రెండు మూడుసార్లు కడిగి, కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి వాడండి.

అంతరిక్షంలో టమాటా తప్పిపోయింది

అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఎక్స్‌రూట్స్ అని ఒక ప్రయోగం జరిగింది. మట్టీ పొట్టూ ఏవీ లేకుండా వేర్లకు పోషకాల నీళ్ళనూ తుంపరనూ అందించి మొక్కలు పెంచడం. 371 రోజులు ఆపకుండా అక్కడ గడిపిన ఫ్రాంక్ రూబియో అనే వ్యోమగామి తను కోసిన టమాటా కాయని ఒక సంచిలో దాచుకున్నాడు. సంచి ఎటో తేలిపోయింది. గంటల తరబడి వెతికినా దొరకలేదు. నువ్వే తినేసి ఉంటావని తోటివాళ్ళు ఆటపట్టించారు. ఆయన భూమికి తిరిగొచ్చేశాడు కూడా. 2023 డిసెంబరులో, ఇంకా పైనే ఉన్నవాళ్ళు కాయ దొరికిందని ప్రకటించారు. ఎండిపోయి, కాస్త నలిగి ఉంది, బూజు మాత్రం పట్టలేదు. మా ఇంట్లో ఫ్రిజ్ కింద దొరికిన టమాటాల గురించి ఇంత మర్యాదగా ఎవరూ ప్రకటించలేదు.

చప్పగా ఉందంటే ఉప్పు తక్కువైందని

‘నీళ్ళ టమాటా చప్పగా ఉంటుంది’ అన్న మాట తరచూ వింటాం. నిజమే కావచ్చు, కానీ నేరం నీళ్ళది కాదు. టమాటాలో వందకి తొంభై నాలుగైదు పాళ్ళు నీరే. మొక్కకి నీళ్ళు సులువుగా దొరికితే కాయ ఉబ్బుతుంది, రుచి పలచబడుతుంది. కాయలు దోరకి వచ్చే సమయంలో ఈసీని మూడు, మూడున్నర దాకా పెంచితే వేరు నీళ్ళు లాగడానికి కష్టపడుతుంది. కాయ చిన్నదవుతుంది గానీ తీపీ పులుపూ రెండూ చిక్కబడతాయి. మరీ పెంచితే అడుగు మచ్చ మళ్ళీ పలకరిస్తుంది. పచ్చడికి నాకు పులుపు కావాలి కాబట్టి నేను మూడు దగ్గర ఆపుతాను.

వాడేసిన నీళ్ళు

పది పదిహేను రోజులకోసారి బకెట్ నీళ్ళు మార్చాలి. మొక్క తనకిష్టమైన ఉప్పులు తిని, ఇష్టం లేనివి వదిలేస్తుంది, అవి పేరుకుంటాయి. స్థూలంగా చూస్తే బయట పొలంలో అరవై లీటర్ల దాకా తాగే కిలో టమాటా, నీటిని మళ్ళీ మళ్ళీ తిప్పి వాడే నెదర్లాండ్స్ గాజు ఇంట్లో పదిహేను లీటర్లతో సరిపెట్టుకుంటుంది. అయినా ఆ కాస్త వాడేసిన నీళ్ళు కాలవల్లో కలిసి పాచి పెంచుతున్నాయని, 2027 నాటికి దాదాపు చుక్క కూడా బయటికి వదలకూడదని అక్కడ నియమం పెట్టుకున్నారు.

నా బకెట్ నీళ్ళు మాత్రం, సగానికి సగం మామూలు నీళ్ళు కలిపి, మెట్ల పక్కన మట్టికుండీలో ఉన్న కరివేపాకుకి పోస్తున్నాను. మూడేళ్ళలో దాన్ని నేను పట్టించుకున్నది లేదు, మీటరు పెట్టింది లేదు. అది ఇప్పుడు పిట్టగోడ దాటి పోయింది, వీధివాళ్ళు వచ్చి రెబ్బలు కోసుకెళుతున్నారు.